పొరుగు ధర్మము: నగరపు శివారులలో మన సంఘము చేయదగిన పని

(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



 ఇట్టి సభలలో కులచరిత్రము, విద్యాభివృద్ధి, వివాహవ్యయముల తగ్గింపు, విద్యార్థివేతనములు ప్రసంగవిషయము లగుట పరిపాటి. అవి యన్నియు అవశ్యకములే. వానిని గూర్చి నాకంటె అనుభవజ్ఞులు ఈ వేదికపై మాటాడియున్నారు. నేను వేరొక విషయము నెన్నుకొంటిని. మనవారిలో పెక్కుమంది నేడు పల్లెలలో లేరు. నగరములోని పాతపేటలలోను లేరు. హైదరాబాదునకు నలువైపుల పెరిగిన కాలనీలలో నివసించుచున్నారు. అచ్చట మన గోడకు ఆవలి యింటివారు మన కులమువారు కారు. మన మతమువారు కాకపోవచ్చును. మన భాష మాటాడువారును కాకపోవచ్చును. వారితో మనకు గల సంబంధ మెట్టిది? ఎట్టి దగుట మేలు? అందు మన సంఘము చేయదగిన దేమి? ఈ మూడు ప్రశ్నలను మీ ముందుంచుచున్నాను.

కులసంఘపు వేదికపై ఇతరకులముల పొరుగును గూర్చి మాటాడుట అసందర్భమని కొందరికి తోపవచ్చును. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలనిరి. ఇంట గెలుచుటకై మన పూర్వులు చాలకాలము పాటుపడిరి. పిల్లలకు వసతిగృహములు కట్టిరి; నిధులు కూర్చిరి; సభలు జరుపుట, లెక్కలు వ్రాయుట, పదిమందిచేత పని చేయించుట నేర్చిరి. ఈ విద్య యంతయు నేటికిని మన యింటిలోనే యున్నది. రచ్చ యెక్కడనో లేదు. మన వీధియే రచ్చ. మనము నేర్చిన విద్యను వీధికి తీసికొనిపోవుటయే నేడు మిగిలిన పని యని నా యభిప్రాయము.

శివారులు పుట్టిన తీరు

హైదరాబాదు శివారులు ఒక్కనాట పుట్టినవి కావు. 1960వ సంవత్సరము తరువాత కేంద్రప్రభుత్వపు పెద్ద కర్మాగారములు నగరమునకు వెలుపల వెలసెను. రామచంద్రపురమున బి.హెచ్.ఇ.ఎల్., బాలానగరు వైపున ఐ.డి.పి.ఎల్., కుషాయిగూడ వైపున 1967లో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. వీనిలో ముఖ్యములు. వీనియందు పనిచేయుటకై తెలంగాణపు పల్లెలనుండియు, కోస్తా జిల్లాలనుండియు, రాయలసీమనుండియు కుటుంబములు వచ్చెను. కేరళ, తమిళ, కర్ణాటక, మహారాష్ట్ర, వంగదేశములనుండియు వచ్చెను. తరువాత కూకటుపల్లి మొదలగు చోట్ల గృహనిర్మాణమండలివారి యిండ్లు లేచెను. 1998లో మాదాపూరున హైటెక్ సిటీ వెలసిన పిమ్మట పడమటి శివారు రూపమే మారిపోయెను. ఆ మేడలను కట్టుటకు పాలమూరినుండియు, ఒడిసా, బీహారు రాష్ట్రములనుండియు కూలీలు వచ్చిరి. వారి గుడిసెలును ఆ మేడల ప్రక్కనే వెలసెను.

2007వ సంవత్సరము ఏప్రిలు మాసమున 12 పురపాలకసంఘములను, 8 గ్రామపంచాయతులను పాత నగరమునందు గలిపి మహానగరపాలక సంస్థ నేర్పరచిరి. 170 చదరపు కిలోమీటర్లకు కొంచెము మించియుండిన నగరము ఒక్కసారిగా 600 చదరపు కిలోమీటర్లను దాటిపోయెను. నిన్న పంచాయతిగా నుండిన ఊరు వార్డయ్యెను. నిన్న పంట పండిన చేను కాలనీ యయ్యెను.

ఈ శివారులలో దాదాపు అందరును వచ్చినవారే. మనము ముందు వచ్చితిమి, మరియొకరు వెనుక వచ్చిరి, అంతియే భేదము. నిజమైన స్థానికులు ఎవరనిన, మన మేడల క్రింది పొలమును దున్నిన రైతులు, ఆ చెరువులో చేపలు పట్టినవారు, ఆ చెరువుగట్టున బట్టలుతికినవారు. వారు పాత ఊరి యిరుకు సందులలో నింకను ఉన్నారు. కాలనీ సంఘపు సభ్యుల పట్టికలో మాత్రము వారి పేరులు సాధారణముగ కనబడవు.

పల్లెలోని పొరుగు

పట్టణమున చేరినవారు పల్లెను తలచి నిట్టూర్చుట కలదు. అచ్చట ఇరుగుపొరుగు లుండిరనియు, కష్టసుఖములలో ఒకరికొకరు తోడుపడిరనియు చెప్పుకొందురు. అది కొంత నిజము. వానలకు ముందు కాలువల పూడిక తీయుటకు ఊరు కదలెడిది. తూము తెరచి పొలములకు వంతుప్రకారము నీరు పంచుటకు నీరటికాడుండెడివాడు. గట్టు తెగు రాత్రి ఎవరును ఎవరి కులము నడుగక గంపలతో మట్టి మోసిరి. పీర్లపండుగకు హిందువులును అలావా చుట్టు ఆడిరి. బతుకమ్మ పండుగనాడు తంగేడు, గునుగు పూలు ఏ చేనిలోనివైనను చివరకు చేరినది ఒక్క చెరువునకే.

కాని ఆ చిత్రమునకు రెండవ ప్రక్క కలదు. అదే పల్లెలో కొందరు ఊరిబావికి దూరముగా నిలిచి, ఎవరైన చేదిపోయుదురా యని వేచియుండిరి. వెట్టిచాకిరి యుండెను. పని కులమునుబట్టి పంచబడెను; మర్యాదయు కులమునుబట్టియే పంచబడెను. అందువలన పల్లెలోని పొరుగును ఉన్నదున్నట్లుగా పట్టణమునకు తెచ్చుకొన గోరుట తగదు. అందలి తోడ్పాటును తీసికొని, అందలి హెచ్చుతగ్గులను విడిచివేయవలెను. శివారు మనకీ యవకాశము నిచ్చినది. ఇచ్చట ఎవరి తాతయు ఎవరి తాతకు వెట్టిచేసినవాడు కాడు. అందరము క్రొత్తవారము గనుక సమానులముగా మొదలుపెట్టవచ్చును. ఆ యవకాశమును మనము వినియోగించుకొనుచున్నామా యనునదే విచారింపదగినది.

కులసంఘముల పూర్వపు పుణ్యము

మన సంఘముల పుట్టుకను ఒక్కసారి జ్ఞాపకము చేసికొందము. నగరమున చదువుకొనవచ్చిన పల్లెటూరి పిల్లవానికి అన్నము పెట్టువారు లేని దినములలో కులవసతిగృహములు పుట్టెను. హైదరాబాదున రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారు 1918లో స్థాపించిన రెడ్డి హాస్టలు వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆ హాస్టలునకు కార్యదర్శిగా పనిచేసిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరను నిందకు సమాధానముగా 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందు ఒక్క కులమువారిని గాక, తెలంగాణమునందలి 354 మంది కవులను చేర్చిరి. కులపు వసతిగృహమున దీక్షతో నేర్చిన పని దేశమంతటికిని ఉపకరించిన విధమిది.

అంతకు పూర్వమే, 1901లో, హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నెలకొనెను. 1906లో భాగ్యరెడ్డివర్మగారు జగన్మిత్రమండలిని స్థాపించి, అణగద్రొక్కబడిన తనవారికి చదువును, ఆత్మగౌరవమును నేర్పుటకు పూనుకొనిరి. కృష్ణాతీరమున బెజవాడలో 1911లో రామమోహన ధర్మ పుస్తక భాండాగారము వెలసెను. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. ఆనాటి పట్టణములలో పఠనమందిరము పుస్తకములకు మాత్రమే నిలయముగాక, నలుగురు చేరి ఊరిమంచిని విచారించు స్థలముగా గూడ నుండెను.

వీని చరిత్రమునుండి నేను గ్రహించిన దొక్కటే. తనవారికొరకు పుట్టుట ఏ సంస్థకును దోషము కాదు. తనవారితోనే ఆగిపోయిన సంస్థ మాత్రము కొంతకాలమునకు పెండ్లిమండపముగా మారును. సంవత్సరమున కొకమారు తలుపు తెరచి, దండలు వేసికొని, ఫోటోలు తీయించుకొని, మరల తాళము వేసికొనును.

నీటికి కులము లేదు

శివారులో పొరుగువారిని ఒకరి కొకరిని ముడివేయు వస్తువు లేవి? అన్నిటికంటె ముందు నీరు. హైదరాబాదు చుట్టుపట్ల చెరువులు గొలుసుకట్టుగా నిర్మింపబడినవి. పై చెరువు నిండి అలుగు పారిన నీరు కాలువవెంట క్రింది చెరువును చేరును. అది నిండిన దాని క్రింది చెరువునకు పోవును. కడకు మూసీలో కలియును. ఈ కాలువపై ఇల్లు కట్టినంతమాత్రమున నీరు ఆగదు. మరియొకరి యింటిలోనుండి దారి చేసికొనును.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలకొలది ప్రాణములను హరించెను. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి నిర్మించిన ఉస్మానుసాగరు 1920లోను, హిమాయతుసాగరు 1927లోను పూర్తియయ్యెను. నదికి కట్ట వేసితిమి గాని, వాగులను మరచితిమి. 2000వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన ఒక్కదినమున 24 సెంటీమీటర్ల వాన కురియగా పల్లపు పేటలు మునిగెను. 2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన ఘట్‌కేసరు ప్రాంతమున 32 సెంటీమీటర్ల వాన పడెను. కాలనీల వీధులలో పడవలు నడచెను. మరి నాలుగైదు దినములకే బాలాపురపు గుర్రము చెరువుగట్టు తెగి, దిగువనున్న హాఫిజ్ బాబా నగరమును ముంచెను.

ఆ నీరు ఏ యింటి గుమ్మమున నైనను నిలిచి, కుల మేది, మత మేది, పట్టాదారుడవా అద్దెకున్నవాడవా యని అడిగెనా? ఎగువ కాలనీవారు తమ వీధి మునుగకుండ గోడ కట్టుకొన్నయెడల దిగువ బస్తీ రెండింతలు మునుగును. దిగువవారు కాలువలో చెత్త వేసినయెడల నీరు ఎగదన్ని ఎగువవారి యింట చేరును. ఒక కాలనీ యెంత ధనవంతమైనను ఈ బాధను ఒంటరిగా తీర్చుకొనజాలదు. అలుగునుండి అలుగువరకు గల వారందరును, మేడవారు, బస్తీవారు, గుడివారు, మసీదువారు, చర్చివారు, బడివారు, ఒక్కచోట కూర్చుండక తప్పదు. దీనినే నేను పొరుగు ధర్మ మనుచున్నాను. ఇది దయాదాక్షిణ్యముల మాట గాదు. నీటి పల్లము మనకు విధించిన బంధుత్వము.

నేటి కాలనీ సంఘముల స్థితి

శివారులలో నివాసుల సంక్షేమసంఘములు లేకపోలేదు. ప్రతి కాలనీకిని ఒకటి యున్నది, కొన్నిటికి రెండున్నవి. రెండెందుకున్నవి? ఎన్నికలలో ఒక కులమువారి జట్టు గెలువగా, ఓడిన జట్టు వేరొక సంఘమును పెట్టుకొనుట పలుచోట్ల జరుగుచున్నది. కాలువకు సిమెంటుపలక వేయించు చిన్న పనికి కులబలమును లెక్కించుట కంటె వింత యేమున్నది? మనవారు గెలిచితిమని సంతోషించిన వీధిలోనే దీపము వెలుగదు. ఓడినవారు చందా నియ్యరు.

రెండవ లోపము సభ్యత్వమునకు సంబంధించినది. పెక్కు సంఘములలో ఇంటియజమానికే ఓటు కలదు, అద్దెకున్నవానికి లేదు. పదిసంవత్సరములుగా అదే వీధిలో నుండి, పిల్లలను అదే బడికి పంపుచున్న కుటుంబము ఆ వీధిని గూర్చి పలుకుటకు వీలులేకుండెను. ఇక కాలనీ ముంగిట కూరగాయలమ్ము స్త్రీ, ఇస్త్రీ బల్ల పెట్టుకొన్నవాడు, ఇంటిపనికి వచ్చు మనిషి, చెత్తబండి తోయువాడు మన లెక్కలోనికే రారు. 2014వ సంవత్సరపు వీధివర్తకుల చట్టము పట్టణ వర్తకసమితిలో నూటికి 40కి తక్కువగాకుండ వర్తకులే ఉండవలెనని విధించి, అదే సమితిలో నివాసుల సంఘములకును చోటిచ్చినది. చట్టము ఇరువురిని ఒక్క బల్లచుట్టు కూర్చుండుమన్నది. మనము బండిని తొలగింపుడని అర్జీలు వ్రాయుటలో తీరిక లేకున్నాము.

మూడవది మిక్కిలి ఘోరమైనది. మన అపార్టుమెంట్ల మురుగుతొట్లలోనికి మనుష్యులను దింపుట. 2013వ సంవత్సరపు చట్టము రక్షణసామగ్రి లేకుండ మనిషిని మురుగుతొట్టిలోనికి దింపుటను నేరముగా విధించినది. అట్టి పనిలో మరణించినవాని కుటుంబమునకు 10 లక్షల రూపాయల పరిహార మీయవలెనని 2014లో ఆజ్ఞాపించిన సుప్రీముకోర్టు 2023లో దానిని 30 లక్షలకు పెంచెను. ఐనను, యంత్రమునకు వ్యయ మెక్కువ యని, కాంట్రాక్టరు చూచుకొనునని, మనము ముఖము త్రిప్పుకొన్నచో ఆ పాపము మన గుమ్మమునందే యుండును. ఆ తొట్టిలోనికి దిగువాడు ఏ కులములనుండి వచ్చుచున్నాడో చెప్పనవసరము లేదు. దేశము వదలిన వెట్టిని మన శివారులో మనము మరల నిలుపరాదు.

ఇతర పట్టణములవారు చేసిన ప్రయత్నములు

ఈ విషయమున మన దేశములోనే కొన్ని ప్రయత్నములు జరిగినవి. బొంబాయిలో 1997 ప్రాంతమున వీధివారు నగరపాలక సంస్థతో చేతులు కలిపి, చెత్తను వేరుచేసి, తడిచెత్తను ఎరువుగా మార్చు పద్ధతి నారంభించిరి. ఢిల్లీలో 2000వ సంవత్సరమున ప్రభుత్వము కాలనీ సంఘములతో గలసి భాగీదారి యను కార్యక్రమమును నడిపెను. వీనివలన అధికారి, పౌరుడు ఒకరి ముఖ మొకరు చూచుకొను నలవాటు ఏర్పడెను. ఐతే ఢిల్లీ పద్ధతిలో అనుమతి గల కాలనీల సంఘములకే పెద్దపీట లభించి, పేదవాడలు వెలుపల నిలిచె నను విమర్శ గలదు. ఆ విమర్శనుండి మనము నేర్వవలసిన దున్నది.

కేరళమున 1998లో మొదలైన కుటుంబశ్రీ వేరొక మార్గమున నడచెను. 10 మొదలు 20 కుటుంబముల వరకు ఒక పొరుగుబృందము. ఒక్కొక్క కుటుంబమునుండి ఒక్కొక్క స్త్రీ. అట్టి బృందములన్నియు కలిసి వార్డుసంఘము. వార్డుసంఘములు కలిసి ఊరిసంఘము. బృందమునకు పునాది పొరుగు. కులము గాదు, మతము గాదు, ఆస్తియు గాదు. వారు చిన్నచిన్న పొదుపుతో మొదలిడి, పిమ్మట భోజనశాలలు, కుట్టుపని, సేద్యము నడపిరి. పునాది సరిగా వేసినందున కట్టడము నిలిచినది.

మన రాజ్యాంగమునకు 74వ సవరణ 1993వ సంవత్సరము జూను 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. 3 లక్షలు, అంతకు మించిన జనసంఖ్య గల పట్టణములలో వార్డుసమితు లుండవలెనని అది విధించినది. తెలంగాణమున 2019 నాటి పురపాలక చట్టము, రాజధానీనగరము మినహా తక్కిన పట్టణములలో, ప్రతి వార్డునకు యువకులకు, స్త్రీలకు, వృద్ధులకు, ప్రముఖులకు వేరువేరుగా నాలుగు సమితుల నేర్పరుపు మన్నది. చట్టము కుర్చీ వేసినది. కూర్చుండువారు తమంతట తాము తయారుకావలెను. పొరుగున ఐకమత్యము లేనిచోట సమితి కాగితముపైననే యుండును.

మన సంఘము చేయదగిన పనులు

ఇక కర్తవ్యమునకు వత్తును. ఐదు పనులను సూచింతును. వీనిలో ఏదియు మన శక్తికి మించినది కాదు.

మొదటిది, మన భవనము. నగరమునందును, శివారులందును మనకు గల సభామందిరములు ఏడాదిలో పెండ్లిండ్ల దినములు తప్ప తక్కిన దినములందు ఖాళీగ నున్నవి. వారమున కొక్క సాయంకాలము ఆ మందిరమును కాలనీ సమావేశములకు, బస్తీ మహిళాసంఘములకు, పిల్లల చదువునకు ఉచితముగ నియ్యవలెను. వరద వచ్చినపుడు కులమత విచక్షణ లేకుండ అది ఆశ్రయస్థానము కావలెను. దానికై నాలుగు పెద్ద వంటపాత్రలు, దుప్పట్లు, త్రాళ్లు, దీపములు, మందులపెట్టె ముందుగనే సిద్ధపరచి, తాళముచెవి ఎవరివద్ద నుండునో తలుపుపై వ్రాసి యుంచవలెను.

రెండవది, మన యిండ్లు. మన సభ్యులలో అద్దె కిచ్చు గృహస్థులు పెక్కుమంది కలరు. ఇల్లు చూడవచ్చినవానిని ముందుగా అడుగు ప్రశ్న యేమిటి? మీరేమిట్లు? ఈ ప్రశ్న పైకి మర్యాదగానే వినబడును. అది మూసిన తలుపు వంటిది. విదేశములలో ఉన్నతవిద్య నభ్యసించి వచ్చిన అంబేద్కరు మహాశయుడు 1917 ప్రాంతమున బరోడాలో ఉద్యోగమున చేరి, కులము కారణముగ తలదాచుకొనుటకు చోటు దొరకక ఆ పట్టణమును విడువవలసివచ్చెను. నూరేండ్లు దాటెను, మన శివారులలో ఆ ప్రశ్న ఇంకను చావలేదు. అద్దె చెల్లింపగలవాడా, ఇల్లు శుభ్రముగ నుంచువాడా యని అడుగుటకు యజమానికి హక్కు కలదు. కుల మడుగబోనని మన సభ్యుడు ప్రతివాడును ఈ సభలో నిశ్చయించుకొన్నచో, ఏ ఉపన్యాసమును చేయలేని పని జరుగును.

మూడవది, మన ఓటు. కాలనీ సంఘపు ఎన్నికలలో కులము పేర జట్టు కట్టుటకు మన సంఘపు పేరును గాని, మన కార్యకర్తలను గాని, మన ఫోనుజాబితాలను గాని ఉపయోగింపరాదు. మనవాడు సమర్థుడైనచో పొరుగువారే యెన్నుకొందురు. అద్దెకున్నవారికిని సభ్యత్వ మీయవలెనని ఆ సంఘములలో వాదించు మొదటి గొంతు మనది కావలెను.

నాలుగవది, మన విద్య. మనలో న్యాయవాదులున్నారు, ఇంజనీర్లున్నారు, లెక్కల పరీక్షకులున్నారు, విశ్రాంత ఉద్యోగులున్నారు. ఒక్కొక్క శివారులో నలుగురు ముందునకు వచ్చి, తమ చెరువునకు నీరు వచ్చు కాలువ యేది, పోవు కాలువ యేది, పాత ఊరివారి నడిగి పటము గీయవలెను. ఈ విషయమున పాత ఊరి వృద్ధునికంటె గొప్ప ఇంజనీరు లేడు. పూడిక యెచ్చట నున్నదో గుర్తించి, మృగశిరకార్తె ప్రవేశించులోపల దానిని తీయించుటకు అధికారులయొద్దకు అందరి సంతకములతో పోవలెను. మొదట చిన్న పనిని, అంతము గల పనిని చేపట్టుడు. ఒక కాలువ, ఒక బడిగోడ, ఒక వీధిదీపము. వచ్చిన చందా, అయిన వ్యయము పలకపై వ్రాసి బయట పెట్టుడు. అపరిచితుల మధ్య నమ్మకము ఉపన్యాసములచేత పుట్టదు. లెక్క చూపుటచేత పుట్టును.

ఐదవది, మన ధనము. పోషకమహోదయులారా, మీ యౌదార్యమువలన మన విద్యార్థివేతన నిధి నడచుచున్నది. దానిని తగ్గింపుమని నే నడుగను. ఇకముందు చేరు నిధిలో పదియవవంతును, మన భవనమున్న పేటలోని బడిపిల్లలకు కులముతో నిమిత్తము లేకుండ కేటాయింపవలెనని ప్రార్థింతును. మురుగుతొట్లను యంత్రముచేతనే శుభ్రపరుతుమని మన సభ్యులుండు ప్రతి అపార్టుమెంటును ప్రతిజ్ఞ చేయవలెను. అందుల కధికవ్యయ మగునెడల అది మన మర్యాదకు మనము చెల్లించు వెల.

కొన్ని ఆక్షేపణలు

మన పిల్లలకే చాలనపుడు ఇతరులకేల యని కొందరందురు. మనబిడ్డ ఆ బడిలోనే చదువును, ఆ వీధిలోనే నడచును, ఆ నీటినే త్రాగును. ప్రక్కబెంచీపై పిల్లవానికి పుస్తకము లేనిచో మన పిల్లవాని తరగతియు వెనుకబడును. పొరుగునకు పెట్టినది వేరొకరికి పెట్టినది కాదు.

ఇతర కులసంఘములు తలుపులు తెరువనపుడు మనమేల తెరువవలె నని మరికొందరు. అందరును ఎదుటివాని తలుపు చూచుచు కూర్చున్నచో వీధి యంతయు చీకటిగనే యుండును. ఎవరో యొకరు ముందు దీపము పెట్టవలెను. ఆ మొదటి యిల్లు మనదైన నవమాన మేమి?

ఇట్లు కలిసిపోయినచో మన ప్రత్యేకత నశించునని పెద్దలు భయపడుదురు. మన భోజనము, మన పాటలు, మన యిలవేల్పు, మన పెద్దల జ్ఞాపకములు మన యింట నుండును, వానిని కాపాడుకొందము. కాని తలుపు మూసిననే నిలుచు ప్రత్యేకత బలహీనమైనది. పొరుగువారు గౌరవించిన కులము పేరు, మనము పొగడుకొన్న కులము పేరుకంటె ఎక్కువకాలము నిలుచును.

సోదరీసోదరులారా! మన పూర్వులు ఒక ప్రశ్నతో ఈ సంఘమును స్థాపించిరి: మన పిల్లవానికి పట్టణమున అన్నము పెట్టువా రెవరు? ఆ ప్రశ్నకు వారు సమాధానము నిచ్చిరి గనుకనే మనమిచ్చట నున్నాము. నేటి ప్రశ్న వేరు: వాన రాత్రి మన యింటి తలుపు తట్టువాడెవడు, మనము ఎవరి తలుపు తట్టగలము? బంధువులు పది మైళ్ల దూరమున నుందురు. తలుపు తట్టువాడు పొరుగువాడే. అతని పేరైన నెరుగక యిరువదియేండ్లు ఒకే గోడకు ఇరుప్రక్కల నుండుట మనకు తగదు.

నేను సూచించిన ఐదు పనులను ఈ మహాసభ తీర్మానరూపమున నంగీకరించి, వచ్చు వార్షికసభనాటికి ఒక్కొక్క శాఖయు తాను చేసిన ఒక్కొక్క పనియొక్క లెక్కను ఈ వేదికపై చదువునట్లు ఏర్పాటు చేయవలసినదిగా కార్యనిర్వాహకవర్గమువారిని ప్రార్థించుచున్నాను.